ఒక గుప్పెడు

దర్గామిట్టలో మూడో అంతస్తు.
ఫ్యాన్ల కింద నలభై మందిమి,
నలభై చార్టులు, నలభై జిగురు సీసాలు.
అంగన్‌వాడీ టీచరు ట్రైనింగు, ఇరవయ్యారు రోజులు.
హాజరు పుస్తకంలో నా పేరు
యాకసిరి శీనమ్మ.
ఇంటిపేరు దగ్గిర మేడం
ఒక్క అరక్షణం ఆగుతుంది.
ఆ అరక్షణం నాకు బాగా తెలుసు.
రెండో తరగతిలో, గోడవారన,
నేను కూచున్నది దాంట్లోనే.

తొలివారం నేను ఎండ్రకాయ అంటే
"పీత అనాలమ్మా, పుస్తకంలో అట్లే ఉంది" అనింది.
పీత అన్నా.
కొండి విరిచేసిన ఎండ్రకాయ మాదిరి
నోట్లో మెత్తగా తిరిగింది ఆ మాట.

ఆ శుక్రవారం పాఠం: హాని చేసే జంతువులు.
కార్డుల మీద పాము, తేలు, ఎలక.
ఎలకకి మీసాలు బలే గీసుండారు.
"ఎలక పంటని పాడుచేస్తుంది,
పిల్లలతో మూడుసార్లు చెప్పించండి."
అందరం రాసుకున్నాం.
నేనూ రాసుకున్నా, ఒక్క అక్షరం తప్పు పోకుండా.

శనివారం మైపాడు బస్సు దిగి
సంఘంలోకి పోతానే ఆ కార్డు
చెంగమ్మవ్వ చేతిలో పెట్టా.
వలలో చిక్కు తీస్తా ఉన్నది ఆగి
బల్బు కిందికి జరిగి
తెలిసినోళ్ళ పెళ్ళి ఫోటో చూసినట్టు చూసింది.
"ఈడా!
ఈడు లేకుంటే, మీయమ్మ నా కడుపున ఉన్నప్పుడు
నాకు బువ్వ యాడిదే?"

కలుగు నోటికాడ చెవి పెట్టడం
అవ్వ నాకు నేర్పలా.
వెంట తీసకపొయ్యింది, అంతే.
కోతలైపోయిన మడి. నాకు నాలుగేళ్ళు.
ముందు మట్టి వాసన చూడు, అనింది.
చల్లగా తగిలితే చెయ్యి పెట్టబాక, అనింది.
ఎన్ని నోళ్ళుండాయో లెక్కపెట్టు, అనింది.
ఒకటి. రెండు. గట్టు చుట్టూ తిరిగి, మూడు.
నేను నేర్చిన మొదటి లెక్క అది.
నాలుగోది కనిపెట్టలేకపోతే
గెలుపు ఆడిది, మనం ఇంటికి.

తవ్వితే లోపల వడ్లు,
బీరువాలో చీరలు సర్దినట్టు
ఎన్నుకి ఎన్ను ఆనించి.
నేను రెండు చేతులా ఊడవబోతే
మణికట్టు పట్టుకునింది.
"ఒక గుప్పెడు వదిలెయ్యాల."
ఎందుకవ్వా?
జవాబు చెప్పలా. పార భుజానేసుకోని
పక్క కలుగుకాడికి నడిచింది.
(ఆ రాత్రి మా చట్టిలో ఉడికిన కూర ఏందో
మేడానికి నేను చెప్పను.)

సోమవారం నమూనా పాఠం నాది.
పెన్న గట్టు సెంటరు నించి ఆరుగురు పిల్లకాయలొచ్చారు.
చార్టు చుట్టి మూలన నిలబెట్టా.
పట్టమీద తడి ఇసక కుప్ప పోసి
గుప్పిటితో బొక్కలు చేశా.
ఎన్ని నోళ్ళుండాయో చూడండి అన్నా.
ఎనక వరసలో ఎవరో నవ్వారు.
ఎవరో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు,
ఇసకకి వాసనేముంటదో నాకు తెలీదు.

పదకొండు రోజులుగా నోరు తెరవని మస్తానుగాడు
బోర్లా పడుకోని
చెవి ఆనించాడు.
ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.
"అక్కా, అరవబాక.
లోపల ఎండ్రకాయ నిద్రపోతుండాది."

నేను చెయ్యనే లేదు ఎండ్రకాయని.
పీత అనాలని
ఆడికి ఎవరూ చెప్పలేదు.

పాఠం కాగితంలో చివరి గడి
అభ్యసన ఫలితం.
"పిల్లలు అయిదు వరకు లెక్కించగలుగుతారు"
అని రాస్తే సరిపొయ్యేది, మార్కులొచ్చేయి.
పెన్ను ఎత్తా, దించా.
మణికట్టు మీద ఆ పట్టు ఇంకా ఉండాది.
పిల్లలు ఒక గుప్పెడు వదిలెయ్యగలుగుతారు,
అని రాశా.

మేడం ఎర్రసిరాతో
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.
కొట్టెయ్యలేదు.
నా కంటికది గాలం మాదిరి ఉండాది.
కాలవ గట్టున పుట్టినోళ్ళం,
తాడు కదిలేదాకా
కూచోడం మాకు కొత్తగాదు.