గంట కొట్టినాక

బెల్లం మండీలో తూకాలు అయిపోయినాక
తట్టలు బోర్లించుకొని కూర్చుంటాం మేం.
ఎంత కడిగినా పోని జిగట,
టీ గ్లాసు వేళ్లకు అతుక్కుంటాది.
అప్పుడు మొదలవుతాది సినిమా.

పేర్లు చెప్పం. అది పోస్టర్లు అంటించేవాళ్ల పని.
చెంగల్రాయులు తువ్వాలు భుజం మార్చి
ఎడమ కనుబొమ ఒకటే ఎత్తితే చాలు,
ఆ హీరో ఎవరో, అది ఏ సీనో,
ఆ పొద్దు హాల్లో ఎంత చిల్లర ఎగిరిందో
మాకు తెలిసిపోతాది.

ఏకాంబరానికి అరవ సినిమాలే సినిమాలు.
వేలూరు బస్సు కడ్డీకి వేలాడి పోయి
సెకండ్ షో చూసి, బస్టాండులో పండుకొని
తెల్లారి మూటలు మోసేదానికి వచ్చిన మనిషి.
"మీవాడు ఏడిస్తే గ్లిజరిన్ తెలుస్తాదబ్బా,
మావాడు వీపు తిప్పి ఏడుస్తాడు" అంటాడు.
దానికి ఖాదర్ బాషా లేస్తాడు,
"వీపు చూసేదానికి టికెట్ కొంటారంట్రా ఎవరైనా?"
ముప్పై ఏండ్లుగా ఇదే కొట్లాట.
ఒకడు రాని పొద్దు
ఇద్దరి మాటలూ రెండోవాడే చెప్పుకుంటాడు.

నాకు మాత్రం విలన్ పక్కన నిలబడే
చారల బనీను ఆయన ఇష్టం.
ఒక్క మాట ఉండదు. "అట్లనే బాస్" అనేది గూడా ఇంకొకడు.
కానీ హీరో కొట్టకముందే
తాను పడబోయే చోటు ఒకసారి చూసుకుంటాడు.
ఇంట్లో పిల్లోళ్లున్న మనిషి చూపు అది.

కుప్పమ్మ ఎప్పుడూ చివర్న చెప్తాది,
చీపురు పుల్లలు ఏరి కట్టుకుంటా.
చిన్నప్పుడు హాలు బయట ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మేది.
ఇంటర్వెల్ గంట కొట్టినాక, గంప ఖాళీ అయింటే
గేటాయన "పోమే లోపలికి" అని వదిలేటోడు.
పన్నెండేండ్లు. వారానికొక సినిమా.
అన్నీ సగం నించే.

ఆమె లోపలికి పోయేసరికే
తల్లి చచ్చిపోయి ఉంటాది, పటానికి దండ పడి ఉంటాది.
అన్నదమ్ములు విడిపోయి ఉంటారు.
నవ్వించేవాడు గూడా నవ్వు మానుకొని ఉంటాడు.
పెండ్లి చూళ్లేదు ఆమె,
పెండ్లి ఫోటో పగిలేదే చూసింది.

"మరి ముందు కథ ఎట్ల తెలిసేది పిన్నమ్మా?"
"తెలిసేదేంది? చేసుకునేదాన్ని."
రాత్రికి గంప కడిగి బోర్లించి
ఆ తల్లిని మళ్లా బతికించేదంట.
ఆమెకొక చెల్లెల్ని ఇచ్చేదంట,
నీవానదికి నీళ్లు గూడా తెప్పించేదంట.
అన్నదమ్ములకు మామిడితోపు రాసిచ్చి
ఒకే గిన్నెలో సంగటి పెట్టేదంట.
అంతా ఇచ్చినాకనే, ఇంక నీ ఇష్టమని
సగం దగ్గర డైరెక్టరుకు అప్పజెప్పేది.

మొన్న కోడలు టీవీలో పెట్టిందంట
ఆమెకు ప్రాణమైన సినిమా, టైటిళ్ల నించి.
డెబ్బై ఏండ్లకు మొదటిసారి మొదటి సగం.
మేమందరం గ్లాసులు కింద పెట్టినాం.
"ఎట్లుండె?"
పుల్ల విరిచి పక్కన పడేసింది.
"ఏముండాది.
ఆ తల్లి మూడు మాటలు మాట్లాడి చచ్చిపాయ.
సంగటే లేదు. చెల్లెలే లేదు.
ఆ పిల్లోళ్లు అంతగా ఎందుకేడుస్తారో
వాళ్లకే తెలీదు పాపం.
నాకు తెల్సు."

హాలిప్పుడు బెల్లం గోడౌను.
తాళం తెరిచేది నేనే.
తెర ఉండిన గోడకు సున్నం ఇంకా తెల్లగానే ఉండాది.
చీమలు బారుకట్టి ఎక్కతా ఉంటాయి
నేల టికెట్టు క్యూ మాదిరి, ఒకదాని తల మీద ఒకటి.
నిన్న పొద్దుగూకినాక
దిమ్మెల లెక్క మధ్యలో ఆపి
ఒక తట్ట బోర్లించుకొని గోడకు ఎదురుగా కూర్చున్నా.
చారల బనీను ఆయన ఇంట్లోంచి బయల్దేరినాడు.
వాకిట్లో చిన్నబిడ్డ కాలు పట్టుకునింది.
"నాయనా, ఈ పొద్దు గూడా పడతావా?"
"పడాల గదమ్మా."
బనీనుకు భుజం కాడ ఎవరో చిరుగు కుట్టినారు,
నల్ల చారకు నల్ల దారంతో,
తెల్ల చారకు తెల్ల దారంతో.