తాయారుకు టీ

మోర్‌కాంబ్‌లో సముద్రం
రోజుకు రెండుసార్లు లేచి వెళ్లిపోతుంది.
మళ్లీ వస్తానని చెప్పదు.
వంటింటి గోడకు నేనంటించిన ఆటుపోట్ల పట్టిక ఒక్కటే
దాని తరఫున హామీ.

డిసెంబరు ఇరవై ఏడు.
క్రిస్మస్ అయిపోయింది, కొత్త సంవత్సరం ఇంకా రాలేదు.
మధ్యలో ఏ వారమో తెలియని ఈ రోజులు
పెళ్లివారు వెళ్లాక విప్పని షామియానాలా
వదులుగా వేలాడుతున్నాయి.
లైబ్రరీ మూత. లాండ్రీ మూత.
నేను పనిచేసే కళ్లద్దాల కొట్టు రెండో తారీఖు దాకా మూత.
నా సాకులన్నీ కూడా సెలవు పెట్టాయి.

"ఖాళీయేగా మేడమ్, ఆ మిగతా నాలుగు అధ్యాయాలూ లాగించేయండి"
బెజవాడ నుంచి పబ్లిషరు భుజంగరావు గారి ఫోను.
ఖాళీయే.
కాగితం కూడా.

పదకొండో అధ్యాయంలో
మా తాయారు డోర్నకల్ జంక్షన్‌లో కూర్చుని
అక్టోబరు నుంచీ బండి కోసం చూస్తోంది.
ఒళ్లో సంచి, సంచిలో ఎవరికీ చూపించని ఉత్తరం.
బండి రాదు. నేను రప్పించలేను.
ఎక్కితే ఎక్కడ దిగుతుందో నాకు తెలియదు,
తెలియదని ఆమెకు తెలుసు.
రాత్రిళ్లు నా వంక అదోలా చూస్తుంది,
బాకీ అడగడానికి మొహమాటపడే చుట్టంలా.

పండగపూట రాయకుండా కూర్చుంటే తప్పు చేసినట్టుంటుంది.
వీధంతా దీపాలు పెట్టుకుని నవ్వుతుంటే
తలుపేసుకుని రాయడం ఇంకో తప్పు.
ఈ రెంటి మధ్యా మూడుసార్లు గిన్నెలు తోమాను.

తలుపు చప్పుడు.
పక్కింటి హెడ్లీ.
ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన చేతుల్లో రేకు డబ్బా,
అందులో తనే చేసిన మిన్స్ పైలు ఆరు.
ఒకటి మాడింది. అది తనదని ముందే చెప్పాడు.
గ్వెన్ పోయాక ఇది రెండో క్రిస్మస్.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.
వంగి బూట్లు విప్పుతూ అడిగాడు:
"మీ అమ్మాయి ఇంకా ఆ స్టేషన్‌లోనే ఉందా?"

ఒక్క తెలుగక్షరం రాదాయనకు.
ఎప్పుడో వేసవిలో, చిక్కుడు తీగకు పురి కడుతూ
కంచె మీదుగా చెప్పిన కథ.
నేనే మరిచిపోయాను చెప్పినట్టు.

"ఉంది" అన్నాను.
"చలి వేయదూ పాపం?
బండి సంగతి తర్వాత చూద్దువుగాని,
ముందు టీ అన్నా ఇప్పించు."

ఆయన వెళ్లాక గట్టు దాకా నడిచాను.
సముద్రం లేదు.
మైళ్ల కొద్దీ తడి ఇసుక,
దాని నిండా ఆకాశం.
ఆ ఖాళీని చూసి ఎవరూ కంగారు పడటం లేదు.
ఎర్రముక్కు పిట్టలు
నీళ్లుంటే దొరకనివేవో
తీరిగ్గా ఏరుకు తింటున్నాయి.

లోపలెక్కడో పిడికిలి ఒకటి విడింది.
ఎవరికి చెప్పాలో తెలియక
వరసా వావీ లేకుండా గాలికే చెప్పాను:
నాకు బండి 'ఱ' దిద్దించిన మస్తానమ్మ టీచరుకీ,
తిప్పి పంపిన నా తొలి కథ మీద
'మళ్లీ పంపండి' అని పెన్సిల్‌తో రాసి
సంతకం పెట్టని ఆ ఎవరికో,
గ్యాసు మీటర్లో మిగిలిన ఆరు పౌన్లకీ,
మాడింది తనదన్న మనిషికీ.
ఇంకా ఉన్నారు. చలికి పెదాలు కదల్లేదు.

పట్టిక ప్రకారం నీళ్లు నాలుగూ పదికి తిరుగుతాయి.
నేను ఆగి చూడలేదు. వస్తాయిలే.

ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా
మూడంటే మూడు వాక్యాలు రాశాను.
చాయ్ కుర్రాణ్ని తాయారు చప్పట్లు కొట్టి పిలిచింది.
గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.
బండి గురించి ఎవరినీ అడగలేదు.

నేనూ అడగలేదు.
మాడని పై ఒకటి చేతిలోకి తీసుకుని
ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను.
ఆ టీ డబ్బులు ఎవరిచ్చారో
ఇంకా రాయలేదు.