చెక్ ట్రే

మిడ్ పరీక్షలో కామాక్షికి ఇరవైకి నాలుగు.
"పుస్తకం తెరిచావా అసలు?" అన్నాను
అందరి ముందూ.
ఆ అందరి ముందూ అన్నది
ఇప్పటికీ నా గొంతులో చేపముల్లు.

శనివారం కావలిలో అల్లూరు బస్సెక్కి
ఇస్కపల్లి పోయాం ముప్పైమందిమి, ఫీల్డ్ విజిట్ అని.
రొయ్యల గుంట గట్టు మీద తనే ముందు నడిచింది.
వాళ్ల నాన్న కౌలుకు చేసే గుంట.

తాడు పట్టి నీళ్లలోంచి
వలబట్ట బిగించిన పళ్లెం పైకి లాగింది.
"చూడండి సార్, మేత మిగిలింది.
మేం ఎక్కువన్నా పెట్టుండాల,
వాటికి ఒంట్లో బాగలేకన్నా ఉండాల."
ఒక రొయ్యను అరచేతిలో ఎండకు ఎత్తి
పేగు చూసింది,
నిండిందా, తెగిందా, తెల్లబడిందా అని.
మళ్లీ నీళ్లలోకి వదిలేసింది.
వదిలేసింది. అది చూశాను నేను.

"మిగిలిస్తే తిట్టరా?" అన్నాను, తమాషాకు.
"రొయ్యనెవరన్నా తిడతారా సార్?
మేత తగ్గిస్తాం. నీళ్లు చూస్తాం.
రాత్రి మూడింటికి నేనే లేస్తా,
కరెంటు పోతే జనరేటర్ వెయ్యాల,
లేకుంటే తెల్లారేసరికి గాలాడక పైకి తేలతాయి."

రాత్రి మూడింటికి.
నా పరీక్ష తొమ్మిదిన్నరకు.

తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు.
ఇరవై రెండేళ్లుగా
పట్టుబడి రోజునే కదా నేను గుంటకు పోతోంది!
వల లాగడం, కాటా వెయ్యడం,
ముప్పై కౌంటు ఇటు, వంద కౌంటు అటు,
ఐసు కొట్టి లారీ ఎక్కించడం.

సోమవారం బోర్డు మీద రాశాను:
ప్రతి గురువారం రెండు ప్రశ్నలు, మార్కులుండవు.
తప్పు ఎక్కడ పోయిందో రాసి మళ్లీ ఇవ్వచ్చు.
మిడ్ ఏ పూట పెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం.
అందులో ఒక ప్రశ్న
మీ ఊరి నీళ్ల గురించి.

"మార్కుల్లేకుంటే ఎవడు రాస్తాడయా?"
స్టాఫ్‌రూములో మాలకొండయ్య గారు టీ చల్లార్చుకుంటూ.
ఆయనన్నదీ అబద్ధం కాదు.
మొదటి గురువారం వచ్చినవి పన్నెండు కాగితాలే.
ఒకదాని మీద జవాబు లేదు,
"రెండోది అర్థం కాలేదు సార్, మళ్లా చెప్తారా" అని ఉంది.
పేరు రాయలేదు.
చేతిరాత నాకు తెలుసు, తెలియనట్టే ఉన్నాను.

ఎర్రపెన్ను జేబులోనే ఉంచి
ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను.
మేత మిగిలింది.

శుక్రవారం అదే పాఠం,
ఈసారి కొంచెం కొంచెంగా.