మూడున్నర గంటల నీళ్ళు

రామతీర్థం దాటినాక, ఉప్పుగాలి మొదలయ్యే చోట
మాది ఏడో నంబరు గుంట.
ఎకరన్నర నీళ్ళు, నాలుగు ఏరియేటర్లు,
ఒక తాటాకు పాక, ఒక నులక మంచం,
ఉబ్బసం ఉండే కాపలావాణ్ణి, నేను, చెంగయ్యని.

పగలైతే ఈ నీళ్ళకు నాతో పనిలేదు.
కంటికి ఆనని పాచి, కోట్లకు కోట్లు,
ఎండను మింగతా ఉంటాది.
రొయ్యలు వదిలిన చెడుగాలిని పట్టుకుని
వొళ్ళు చేసుకుంటాది,
మిగిలిన మంచిగాలిని నీళ్ళకు వదిలేస్తాది.
మధ్యాహ్నం మూడింటికి మీటరు ముంచితే
ఎనిమిది చూపిస్తాది.
అప్పుడు నేను నిద్రపోతా.

పచ్చదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నా, వచ్చిన కొత్తలో.
టెక్నీషియన్ ఖాజావలీ నవ్వినాడు.
తెల్ల పళ్ళేన్ని తాడుకట్టి నీళ్ళలోకి దించినాడు.
జానెడు లోతుకే మాయమైపోయింది.
"పొద్దుగూకితే పాచికీ ఊపిరి కావాల చెంగయ్యా,
పగలంతా వొండిపెట్టినామె
రాత్రికి తానూ పంక్తిలో కూర్చుంటాది."

ఆ పంక్తి నేను రోజూ చూస్తా.
మూడు లక్షల రొయ్యలు, పాచి,
అడుగున కుళ్ళిన మేతను తినే సూక్ష్మజీవులు,
అందరికీ ఒకటే కుండ.
దీపాలు పెట్టే వేళ కాణ్ణించి ఎవరూ వొండరు.
అందరూ తింటారు.

ఆనాడు కార్తీకం ముసురు.
రెండు దినాలు పొద్దు మొగం చూపలా,
కుండ సగమే నిండింది.
రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరకుండిపోయింది,
నా మాదిరే.

మూడు పాయింట్ రెండు.
రెండు పాయింట్ ఎనిమిది.
టార్చి కొడితే గట్టు వారన రొయ్యల కళ్ళు,
ఎర్రగా, వేలకు వేలు,
నీళ్ళ పైపొరను నాకతా.

అట్టా పైకి రావడం నాకు తెలుసు.
మూడున్నరప్పుడు నేనూ మంచం మీద లేచి
మోకాళ్ళకు చేతులు ఆన్చి
గాలికి మెడ చాస్తా.

నాగూరమ్మ వెదురుగడ తెచ్చింది. నేను బకెట్టు తెచ్చినా.
కొట్టినాం. ముంచి ముంచి పైనించి పోసినాం.
ఎకరన్నర నీళ్ళకు
మనిషి చేతులు కలిపే గాలి ఏపాటిది?
అయినా బకెట్టు పడిన చోటికల్లా
ఒక గుంపు వొచ్చి నిలబడింది.
ఆ గుంపును చూసి ఆపలేకపోయినాం.

ఐదున్నర దాటినాక సముద్రం వైపు మబ్బు చిరిగింది.
వెలుగు పడిన వెంటనే ఏమీ జరగదు.
పాచి లేవాల, పొయ్యి రాజెయ్యాల.
రెండు ఎనిమిది.
రెండు ఎనిమిది.
రెండు తొమ్మిది.
ఆ ఒక్క అంకె చూసి
నాగూరమ్మ గడ కిందపెట్టి, గట్టు మీద చతికిలబడింది.
ఏడవలా. "టీ పెట్టుకుందామా" అనింది.

వలేస్తే నాలుగు బుట్టల రొయ్యలు చచ్చి, తెల్లగా వచ్చినాయి.
ఓనరుకు ఫోన్ చెయ్యాల. తిడతాడు.
అంతకు ముందు, సరుగుడు చెట్ల కాడ నిలబడి
రొమ్ము నిండా ఒకసారి పీల్చినా.

ఎవరు వొండిందో, ఏ నాటి ఎండతో వొండిందో,
అడగలా.
తిన్నా.