సగం పాట

లొల్ల లాకుల దగ్గర
టీ చల్లారింది, వాదన చల్లారలేదు.
"ఆఖర్న ఆ పిల్ల చచ్చిపోద్దిరా."
"ఆయ్, నీ మొహం. బతుకుద్ది!"

నిజానికి ఎవరం చూళ్ళేదు.
ఆ రాత్రి రావులపాలెం హాల్లో ఆడేసిన
చివరి రీలు సైకిలెక్కి రావాలి.
కాలవ గట్టున
ఏసుపాదం చైను తెగింది.

పెద్దింట్లు రికార్డు చేయించిన క్యాసెట్టూ అంతే.
రెండో చరణం సగంలో టేపైపోయి
టప్‌మని మీట పైకి లేచేది.
నలభై ఏళ్ళుగా
అక్కడిదాకానే పాడుకుంటున్నాం,
పెళ్ళిళ్ళలో, పంటు మీద, వరి కుప్పల కాపలాలో.

ఇవాళ టీకొట్టు కుర్రాడు
ఫోన్లో పాట మొత్తం దొరికిందన్నాడు.
విన్నాం.
సరిగ్గా ఆ మాట దగ్గర
ఏసుపాదం నాలికతో "టప్" అన్నాడు.

"మిగతాది వినరా అండి?"

"ఇంకో మూడు టీలు పొయ్యి."