లోతు

డిసెంబరు ముప్పై ఒకటి, రాత్రి పన్నెండు దాటాక
తీతు పాస్టరు గారి పళ్లెంలోంచి
అందరితోపాటు నేనూ ఒక వాగ్దానం తీశాను.
వాళ్లమ్మాయి సిరాతో రాసిన అట్టముక్క.
లాకు వంతెన మీద సైకిలాపి టార్చి వేసేసరికి
జారి కాలవలో పడింది.
గెడకర్రతో తీసేసరికి అక్షరాలన్నీ కొట్టుకుపోయి
ఒక్క మాట మిగిలింది: లోతు.

"మనిషి పేరా, నీళ్ల కొలతా?" అన్నాను.
కెజియా నవ్వింది.
"పేరే అయితే నీకంత మంచిది కాదు.
నీళ్లున్న పల్లం చూసి ఏరుకున్నవాడు."
నేను నవ్వలేదు.

నేను లాకు లస్కరుని.
రోజూ పొద్దున్నే రాతిగోడ మీది అంకె చూసి
పుస్తకంలో లోతు రాయడం నా ఉద్యోగం.
ప్రార్థన మాత్రం పైపైనే.
అన్నం ముందు నాలుగు మాటలు,
పడుకునేముందు ఆవలింతలో సగం.

ఆ ఏడు నాలుగింటికి లేవడం మొదలుపెట్టాను.
జనవరి మంచులో
మాటకంటే ముందు ఊపిరి కనబడేది.
పిల్లల ఫీజులు, కెజియా షుగరు, రావలసిన బకాయిలు,
రేషను షాపులోలా చీటీ చదివి లేచేవాణ్ణి.

శ్రమ దినాలు నలభై.
నా ఉపవాసం పదకొండో రోజున
చింతచిగురు రొయ్యల వాసనకి తప్పింది.
దాచకుండా ఆయనకి చెప్పేశాను.
ఆ తెల్లారి మొదటిసారి చీటీ చదవలేదు.

ఈస్టరు వేకువన సమాధుల తోటలో అందరూ పాడుతుంటే
నాన్న సిలువ దగ్గర కొవ్వొత్తి పెట్టి
ఊరికే నిలబడ్డాను. గొంతు రాలేదు.
తర్వాత నెలంతా రాలేదు.

కాలవలు కట్టేశారు.
నీళ్లు దిగాక అడుగు బయటపడింది:
ఒంటి చెప్పులు, సీసా పెంకులు, ఎవరిదో కొడవలి,
ఎండి నల్లబడ్డ గుర్రపుడెక్క.
నా అడుగునా ఒకటి కనబడింది.
పంపకాలనాడు గట్టు పక్క చెక్క నేను తీసుకుని
ఆసాపన్నకి శివారు ఇచ్చాను.
"లస్కరు తమ్ముడుండగా నీకేం, నీళ్లొస్తాయి" అన్నాను.
పదకొండేళ్లు. ఏ ఏడూ సరిగా రాలేదు.

మేలో పూడిక తీస్తుంటే
తట్టలు లెక్కపెడుతూ గట్టు మీద కూర్చున్నాను.
కాలవ లోతయ్యేది నీళ్లు లేని నెలల్లోనే.
ఇరవై ఏళ్లుగా చూస్తున్నదే.
నాక్కాదనుకున్నాను.

జూన్లో ధవళేశ్వరంలో వదిలారు.
నురుగునీ ఎండాకుల్నీ ముందు తోసుకుంటూ వచ్చాయి నీళ్లు.
నా వంతు రాత్రి నా తూము మూసి
పార భుజాన వేసుకుని
నీళ్ల వెంట శివారుదాకా నడిచాను,
అడ్డుకట్టలు తెంపుకుంటూ.
అన్న మంచం మీంచి లేవలేదు.
"ఎవరు పంపారు?" అన్నాడు.
"అట్టముక్క" అన్నాను.
వివరం అడగలేదు. క్షమించాననీ అనలేదు.
బీడీ ముట్టించాడు.
మడిలోకి నీళ్లు దిగే చప్పుడు
చీకట్లో ఇద్దరం విన్నాం.
అది ప్రార్థనేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఆగస్టులో ఎర్రనీరు.
గట్టు మీద తొమ్మిది రాత్రులు, ఇసుక బస్తాలు.
"ప్రభువా" అని ఒక బస్తా,
"ప్రభువా" అని ఇంకో బస్తా.
అంతకుమించి మాటకి తీరిక లేదు,
అవసరమూ అనిపించలేదు.

కోత పండుగనాడు
అన్న తెచ్చిన గుమ్మడికాయ వేలంలోకొచ్చింది.
నూటనలభై అన్నాను.
"నూటయాభై" వెనకనించి. చూస్తే ఆయనే.
తన కాయ తనే పాడుకుని
కెజియా చేతిలో పెట్టి, నాతో మాట్లాడకుండా
చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ డిసెంబరు ముప్పై ఒకటి.
పళ్లెం నా దాకా వచ్చింది. పక్కకి జరిపాను.
"తియ్యవా?" అంది కెజియా.
"పాతదే ఇంకా అవలేదు."

నాలుగింటికి టార్చి వేసి గోడ చూశాను.
ఆరడుగుల రెండంగుళాలు.
పుస్తకంలో రాసుకుని
మోకాళ్లూనాను.