తొంగున్నాది

గోపాలపట్నంలో మా మంచం మీద
ఒళ్లో దిండు, దిండు మీద లాప్‌టాప్,
లాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటరు.
అది పద్నాలుగు కిలోమీటర్ల అవతల
వన్ టౌన్‌లో, పాత పోస్టాఫీసు వెనక సందులో,
రెండో అంతస్తులో
నేను లేని నా కుర్చీ ముందు వెలుగుతోంది.

రాత్రి పదకొండుంబావు.
బొగ్గు ఓడ కాగితాలు ఇప్పటికి అయ్యాయి.
ఇక్కడ బాణం గుర్తు కదిపితే
అక్కడ కదులుతుంది, అరక్షణం ఆలస్యంగా,
నిద్రలో పిలిస్తే ఊ కొట్టే పిల్లలా.

ఆపెయ్యకూడదు.
ఆపేస్తే పొద్దున్న లేవడానికి
శేషగిరి గారి పాత స్కూటరులా మొరాయిస్తుంది.
వదిలెయ్యకూడదు కూడా.
కరెంటు బిల్లు మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టి
'రాత్రుళ్లు ఎవరమ్మా పనిచేస్తున్నది?' అంటాడు యజమాని.
కనక నిద్రపుచ్చాలి.

మెనూలో వెతికితే ఆ మాటే ఉండదు.
దూరం నుంచి వచ్చినవాళ్లకి
'వెళ్లిపో' అని మాత్రం చూపిస్తుంది.
నల్ల పెట్టె ఒకటి తెరిచి
ఒక వరుస కొట్టాలి.
మా ఆడపడుచు కొడుకు చీటీ మీద రాసిచ్చాడు,
అర్థం అడగొద్దన్నాడు.

నిద్రపుచ్చడం నాకు కొత్త కాదు.
చెయ్యి తియ్యబోతే కళ్లు తెరిచే కూతురికి
ఊపిరి బరువెక్కేదాకా
చూపుడువేలు అప్పగించి కూర్చున్నదాన్ని.
ఎప్పుడు తియ్యాలో వేలికే తెలిసేది.

ఇక్కడ అలా కాదు.
ఎంటర్ నొక్కగానే
మొదట తెగిపోయేది నేనే.
తెర తెల్లబోతుంది.
మళ్లీ కలుపుతానంటుంది,
ఒకటో ప్రయత్నం, రెండో ప్రయత్నం అని లెక్కపెడుతుంది పాపం,
పంపించేసింది నేనేనని తెలియక.

పడుకుందా?
లేక ఎన్.ఏ.డి. దగ్గరో, కాన్వెంట్ జంక్షన్ దగ్గరో
నా మాట తీగలోనే నిలిచిపోయిందా?
తలుపు తట్టి చూస్తే
పడుకున్నా పలకదు,
చచ్చిపోయినా పలకదు,
తీగ తెగినా పలకదు.

పైడయ్యకి ఫోన్ చేశాను.
కింద గేటు దగ్గర స్టూలు మీద ఉంటాడు.
చెప్పుల చప్పుడు, తాళాల గుత్తి,
మధ్యలో ఓడ కూత ఒకటి
ఆయన ఫోన్లోంచి మా మంచం దాకా.

'తెర నల్లగున్నాదమ్మా.
కింద బుల్లి లైటున్నాది.
ఎలగతాది, ఆరతాది. మల్లీ ఎలగతాది.
మెల్లగా, ఊపిరి తీసినట్టు.
తొంగున్నాది.'

ఆ చివరి మాట గొంతు తగ్గించి అన్నాడు,
ఎక్కడ లేస్తుందోనని.

పని అయిపోయింది. అయినా ఇద్దరం ఫోన్ పెట్టలేదు.
కిటికీలోంచి ఏం కనిపిస్తోందని అడిగాను.
'డాల్ఫిన్ నోస్ మీద లైటు తిరగతన్నాది.
మేడల సందులోంచి ఓడలు, నాలుగో అయిదో.
రేవుల సోటు దొరక్క సముద్రంల నిలబడిపోనాయి,
దీపాలెట్టుకోని.
ఇంజన్లు ఆపరు గదమ్మా, ఆటినీ ఇలగే తొంగోబెడతారు.'

మరి నువ్వు, అన్నాను.
'నాను తొంగుంటే జీతం కోసెత్తారు' అని నవ్వాడు.
తర్వాత గుర్తొచ్చినట్టు,
'బల్ల మీద బొగ్గు దుమ్ము పేరుకుపోనాదమ్మా,
తుడిసీమంటారేటి?'
వద్దు పైడయ్యా, మౌస్ కదిలితే లేచిపోతుంది.
'ఓలమ్మ' అన్నాడు,
పసిదాని ఉయ్యాల తగలబోయి ఆగినవాడిలా.

పొద్దున్న తొమ్మిదింటికి నా కుర్చీలో నేను.
చిన్న దీపం ఇంకా ఊపిరి తీస్తోంది.
కీబోర్డు మీద నల్లటి పొడి అలాగే ఉంది.
బల్ల మాత్రం అద్దంలా ఉంది,
మౌస్ చుట్టూ
జానెడు మేర తప్ప.
అక్కడ దుమ్ము, దుమ్ము అంచున
తడిగుడ్డ జాగ్రత్తగా తిరిగి వెళ్లిన వంపు.

లేపాలి. తొమ్మిదింబావుకి కస్టమ్స్ వాళ్ల ఫోన్ వస్తుంది.
చెయ్యి మౌస్ దాకా వెళ్లింది.
టీ కుర్రాడు వచ్చేదాకా
అక్కడే ఉంచాను.